నవ్వడం మానేసిన ఆవిడ

రాడు. రాకపోతే మానె. డబ్బు ముందే కట్టేసింది కాబట్టి ఈ గంట ఇప్పుడు ఆమె సొంతం. కావాలంటే కాళ్ళు బారజాపుకుని ఈ సోఫాలోనే నిద్రపోతుంది, లేదంటే లోపల కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళి పక్కన ఖాళీ కుర్చీని పెట్టుకుని కాపురం గురించి మాట్లాడుతుంది, ఆ కుర్చీయే నయం, మొగుడిలా మధ్యలో జోకులెయ్యదు. సోఫా కూడా సోఫాలా లేదు, కూర్చున్నవాళ్ళని లోపలికి లాగేసుకుంటోంది, వచ్చినవాళ్ళు మనసు మార్చుకుని లేచి పారిపోతారని భయమేమో. ఎదురుగా గోడకి ఒక పడవ బొమ్మ, పడవలో ఎవరూ లేరు, దిగిపోయారో మునిగిపోయారో గీసినవాడికే తెలియాలి. బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా, మొదటి రుమాలు సగం బయటికి లాగి పెట్టి ఉంది, ఏడవబోయేవాళ్ళకి ఆ శ్రమ కూడా లేకుండా. ఏడవదు. ఏడవడానికి రాలేదు. లోపలి గది తలుపు పక్కన నేల మీద గుండ్రటి యంత్రమొకటి, కుళాయి కట్టెయ్యడం మర్చిపోయినట్టు ఒకటే సొద. చెడిపోయిన ఫ్యాను అనుకుంది మొదట, కాదట, లోపలి మాటలు బయటికి వినబడకుండా ఆ ఏర్పాటని పక్కనే చిన్న అట్ట మీద రాసి పెట్టారు. ఎంత మంచి వస్తువు. ఇదొకటి ముందే కొని ఇంట్లో పెట్టుకుని ఉంటే ఇక్కడిదాకా వచ్చే పనే ఉండేది కాదు.

కుడికాలు తివాచీని నొక్కుతోంది. ఆమె చెప్పకుండానే నొక్కుతుంది అది. ఏళ్ళ తరబడి డ్రైవింగ్ నేర్పే బండిలో పక్క సీట్లో కూర్చుని, తన వైపు బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఎవరెవరి చేతుల్లోనో ప్రాణం పెట్టి బతుకుతున్న మనిషి, సినిమాలో కారు మలుపు తిరిగినా ముందు సీటువాళ్ళ వీపులో తంతుంది. ఇదీ అతను చెప్పే కథల్లో ఒకటే. "మా మేడమ్ గారితో సినిమాకెళ్ళామనుకోండి..." అని మొదలుపెడతాడు, ఆ సరికే అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు. మేడమ్ అన్న పిలుపు అతను ఆమె దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న రోజులది. లిఫ్టులు బాగుచేసే మనిషి, బండిలో కూర్చోగానే చెమటలు, "నిలువుగా వెళ్ళేవైతే నేను చూసుకుంటాను మేడమ్, అడ్డంగా వెళ్ళేవి నా వల్ల కాదు" అన్నాడు మొదటి రోజే, ఆమె నవ్వు ఆపుకోలేక బండి పక్కకి తీయించింది. లైసెన్సు పరీక్ష తప్పినప్పుడల్లా పెళ్ళి కుదిరినవాడిలా వచ్చేవాడు, ఇంకో నెల నేర్చుకోవచ్చు కదా అని. అప్పుడు అతని జోకులన్నీ అతని మీదే. అది చూసే పడిపోయింది, తన మీద తను నవ్వుకోగలిగినవాడు చెడ్డవాడు కాలేడని. కాలేడు కూడా, చెడ్డవాడు కాదు, అదే కదా వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే ఈపాటికి సగం ప్రపంచం ఆమె పక్షాన ఉండేది. పెళ్ళయ్యాక సొంత సరుకు అయిపోయిందో ఏమో, మెల్లిగా ఆమె మీదకి వచ్చాడు. మేడమ్ గారు నిద్రలో అద్దం చూసుకోమంటారు. మేడమ్ గారు వంటింట్లోంచి హాల్లోకి రావాలన్నా సిగ్నలిస్తారు. అందరికంటే ముందు నవ్వేది ఆమే. ఆమె నవ్వితే మిగతావాళ్ళకి అనుమతి దొరికినట్టు, ఆవిడే నవ్వుతోంది కదా, ఇంక మనకేం. ఎన్ని ఇళ్ళలో, ఎన్ని బల్లల చుట్టూ, నోట్లో ముద్ద ఉన్నా సరే నవ్వింది.

మళ్ళీ ఫోను చూసింది. అతని నుంచి ఏమీ లేదు. తను చెయ్యదు. చేస్తే బతిమాలినట్టవుతుంది, బతిమాలితే వస్తాడు, వచ్చి "మా మేడమ్ గారు పిలిస్తే యముడి దగ్గర్నుంచైనా వస్తాను" అంటాడు, అది ఇంకో జోకు, ఇంకో బల్ల. ఈ కౌన్సెలర్ పంపిన మెసేజీ ఇంకా పైనే ఉంది, మొదటిసారి ఇద్దరూ కలిసే రావాలి, ఆలస్యమైతే ఆ సమయం మీ గంటలోంచే పోతుంది, రాకపోయినా డబ్బు వెనక్కి ఇవ్వబడదు. చదివినప్పుడు ముచ్చటేసింది ఆమెకి, తను పనిచేసే డ్రైవింగ్ స్కూల్లోనూ ఇదే పద్ధతి, ఇదే కాఠిన్యం. డబ్బు పోతుందంటేనే మనిషి మంచం దిగుతాడు. కట్టేటప్పుడు మాత్రం వేలు కాసేపు ఆగింది. తన పేరున విడిగా ఒక ఖాతా ఉంది, అందులోంచి కట్టొచ్చు, ఎవరికీ తెలియదు, గుట్టుగా పోతుంది. గుట్టుగా ఎందుకు? తనొక్కతే చేస్తున్న కాపురమా ఇది? ఇద్దరి పేరూ ఉన్న ఖాతాలోంచే కట్టింది. కావాలనే కట్టింది. డబ్బు పోయిందన్న కబురు ఇద్దరి ఫోన్లకీ ఒకేసారి వస్తుందని తెలిసే కట్టింది.

అలా కట్టిన మరుక్షణమే ఫోను మోగింది. అతను ఎక్కడో లిఫ్టు గుంటలో ఉన్నాడు, గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "మేడమ్! ఎవరో మన డబ్బు లాగేశారు! అర్జెంటుగా బ్యాంకుకి ఫోన్ చెయ్యి!" ఎవరో కాదు, నేనే, అంది. దేనికన్నాడు. మనిద్దరం మాట్లాడుకోడానికంది. అవతల లిఫ్టు తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం, మళ్ళీ తెరుచుకోవడం వినబడింది. "మాట్లాడుకోడానికి అంత డబ్బా? అదేదో నాకే ఇస్తే పగలూ రాత్రీ మాట్లాడేవాణ్ణి కదే." ఆమె నవ్వలేదు. అతను కాసేపు చూశాడు, ఫోన్లో కూడా అతను చూడటం తెలుస్తుంది ఆమెకి, జోకు వేశాక అవతలి మొహం వైపు చూస్తాడే, అలా. తర్వాత "ఎప్పుడు?" అన్నాడు. చెప్పింది. "ఊఁ" అన్నాడు. వస్తానన్న ఊఁ అనుకుంది. వినబడిందన్న ఊఁ అయి ఉంటుంది.

అమ్మకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పింది, చెప్పి చీవాట్లు తిన్నది. "కొట్టాడా?" అంది అమ్మ. లేదు. "తాగొచ్చాడా? ఇంకోదాన్నెవర్తినైనా తగులుకున్నాడా?" లేదమ్మా. "మరేం చేశాడే?" నవ్వించాడు. "నవ్వించే మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలే. మీ నాన్న నాతో ఉప్పు తక్కువైందని తప్ప ఇంకో మాట మాట్లాడింది నేనెరగను. గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తావా? పైగా డబ్బిచ్చి, ముక్కూమొహం తెలియని దాని ముందు కూర్చుని... కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే అమ్మా." కడుపు తను చించుకోలేదు, అదే అమ్మకి అర్థం కావడంలేదు, చించినవాడు చించి, అందరికీ చూపించి, చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. తోటికోడలైతే ఇంకా తేలిగ్గా తేల్చేసింది. "జోకుకి కూడా వైద్యమా ఏమే, మరీ చోద్యం కాకపోతే! మా మరిదికి ఆ మాత్రం హుషారు లేకపోతే మా ఇంట్లో ఆదివారాలు గడుస్తాయా?" నీకు మరిదే అక్కా, నాకు మొగుడు, అందామనుకుంది. అనలేదు. అనాల్సినవన్నీ ఇలా పేర్చుకుంటూ పోతే వాటికి అద్దె కట్టాల్సి వచ్చేలా ఉంది.

యంత్రం సొద మధ్యలో లోపల్నుంచి ఎవరిదో గొంతు లేచి తగ్గింది. మగ గొంతు. లోపలున్నావిడ మొగుడు వచ్చాడన్నమాట. అందరి మొగుళ్ళూ వస్తారు.

ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. ఎందుకు గుర్తొస్తాడు, మర్చిపోతే కదా. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ముచ్చటపడి డ్రైవింగ్ నేర్చుకోడానికొచ్చిన పెద్దాయన, మెడలో తాడుకి కళ్ళద్దాలు, ప్రతి మలుపుకీ "థాంక్యూ అమ్మా" అనే మనిషి. ఆ వేళ ఎండ లేదు, వాన లేదు, రోడ్డు మీద రద్దీ లేదు, అన్నీ బాగున్నప్పుడే ఆమెకి భయం ఎక్కువ. మలుపు తిరిగాక ఎదురుగా ఒక అమ్మాయి చంటిపిల్ల బండి తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. ఆపండి సార్ అంది మామూలుగా. ఆయన పాదం కదిపాడు, బ్రేకనుకుని వేగం పెంచేదాని మీద పెట్టాడు, పెట్టి గట్టిగా నొక్కాడు, భయపడినవాళ్ళు ఇంకా ఇంకా నొక్కుతారు, అది ఎంతమందిలో చూసిందో. బండి ఎగిరింది. ఆమె పాదం రెండో బ్రేకు మీద పడింది, పడిందని తర్వాత తెలిసింది, ఆ క్షణంలో మాత్రం ఆ చిన్న చక్రాలు బండి కిందకి వెళ్ళిపోవడం చూసింది, నిజంగా చూసింది, దుప్పటి కొస ఎగరడం చూసింది. బండి ఆగింది. చిన్న బండికీ పెద్ద బండికీ మధ్య చెయ్యి పట్టేంత జాగా. ఆ అమ్మాయి అద్దంలోంచి వీళ్ళనొక చూపు చూసి, ఏమీ అనకుండా, తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఏమీ జరగలేదు. పరవాలేదు సార్, మొదట్లో అందరికీ ఇలాగే అవుతుంది, అంది ఆమె, ఎంత నిదానంగా అంది, పక్కకి తీయించింది, ఆయన చేతి మీద చెయ్యేసింది, ఇవాళ్టికి చాలనుకుందాం, మీరు బస్సులో వెళ్ళండి అంది. ఆయన వెళ్ళాక దిగి అటు సీట్లోకి మారదామనుకుంది. అప్పుడు తెలిసింది సీటు తడిసిందని. సీటే కాదు. దిగడానికి లేదు, జనం ఉన్నారు, కదలడానికి లేదు, పాదం ఇంకా బ్రేకు మీదే ఉంది, తియ్యబోతే రావడంలేదు. అతనికి ఫోన్ చేసింది. ఒకసారి రా, అంది, ఎక్కడో చెప్పింది, అంతే.

వచ్చాడు. పని బట్టల్లోనే, చేతులకి గ్రీజుతోనే వచ్చాడు. ఒక్క ప్రశ్న అడగలేదు, తన జాకెట్టు విప్పి ఆమె నడుముకి చుట్టాడు, మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పాదాన్ని బ్రేకు మీద నుంచి రెండు చేతులతో తీశాడు. ఇంటికి తనే నడిపాడు, నిదానంగా, ఆమె నేర్పినట్టే. సీటు కవరు తనే ఉతికి ఆరేశాడు. ఆ రాత్రి ఆమె అతనికి చెప్పింది, ఆ చక్రాల సంగతి, దుప్పటి కొస సంగతి, జరగనిది జరిగినట్టు కనబడిన సంగతి. లోకంలో ఇంకెవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. అతను ఆమె తల నిమురుతూ విన్నాడు. ఒక్క జోకు వెయ్యలేదు. పన్నెండేళ్ళ కాపురంలో ఏ ఒక్క రోజుకైనా బంగారు పూత పూయించుకోవచ్చంటే ఆ రోజునే ఎంచుకునేది ఆమె.

అదే అమ్మేశాడు. తన అన్నగారింట్లో, ఆదివారం, బల్ల చుట్టూ కుర్చీలు చాలక స్టూళ్ళు కూడా వేసుకుని కూర్చున్నప్పుడు, భోజనాలయ్యాక, అందరి కళ్ళూ బరువెక్కుతున్న వేళ. అలాంటప్పుడు అతను ఊరుకోలేడు, నలుగురు మాట్లాడకుండా కూర్చుంటే అది తన తప్పనుకుంటాడు. "మా మేడమ్ గారికి మొన్నామధ్య ఏమైందో తెలుసా?" ఆమెకి ఇంకా అర్థం కాలేదు, ఏ కథో అనుకుంది, సినిమా కథ అనుకుంది. పెద్దాయన కళ్ళద్దాలు వచ్చాయి, థాంక్యూ అమ్మా వచ్చింది, గొంతు మార్చి ఎంత బాగా చేశాడో ఆ పెద్దాయన్ని. చంటిపిల్ల బండి వచ్చింది. "మేడమ్ గారు బ్రేకు నొక్కారు, బండి ఆగింది... మేడమ్ గారే ఆగలేదు!" బల్ల బద్దలైంది. బావగారికి పొలమారింది. అందరికంటే ముందు ఎవరు నవ్వారు? ఆమే. అలవాటు. పాదం బ్రేకు మీద పడినట్టే నోరు నవ్వులోకి పడింది, పడిందని తర్వాత తెలిసింది. తర్వాత వంటింట్లో గ్లాసులు కడుగుతుంటే తోటికోడలు వెనక నుంచి భుజం మీద చెయ్యేసి, "ఈసారి సీటు మీద ఏదైనా పరుచుకోవే" అంది, ప్రేమగానే అంది. చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడింది. తల కొట్టేసినట్టయింది. ఆ గ్లాసు కడగడం అయిందో లేదో గుర్తులేదు కానీ, నవ్వడం మానెయ్యడం మాత్రం సరిగ్గా అక్కడే అయింది.

నవ్వు నాలుగు విధాల చేటని నాయనమ్మ అంటుంటే ఏమిటో అనుకునేది. ఆ నాలుగూ ఏమిటో ఇప్పుడు అడిగితే వేళ్ళ మీద చెప్పగలదు. నవ్వడం మానేసిన తర్వాత ఇల్లు చిత్రంగా మారింది. అతను పొద్దున్నే ఒకటి వేస్తాడు, అది బల్ల మీద టీ పక్కన పడి ఉంటుంది. సాయంత్రం ఇంకొకటి. ఆమె వింటుంది, "కూర వడ్డించనా?" అంటుంది. పోట్లాట లేదు, అరుపులు లేవు, ఉలకదు పలకదు అని అతను వాళ్ళన్నయ్యతో ఫోన్లో అనడం విన్నది. "సారీ అన్నాను కదే, ఇంకేం చెయ్యాలి?" అన్నాడొకసారి, అతనా మాట అన్నది నిజమే, టీవీ చూస్తూ అన్నాడు. "ఒక్క జోకుకి ఇంత శిక్షా?" అన్నాడు ఇంకోసారి. ఒక్క జోకా. ఆమెకి కావలసింది సారీ కాదు. ఆ కథలో నవ్వేందుకేమీ లేదని అతని చెవులకి ఒక్కసారి వినబడాలి, అంతే, అదొక్కటే. దానికి నవ్వేవాళ్ళెవరూ లేని గది ఒకటి కావాలి. అలాంటి గది చుట్టాల్లో ఎవరింట్లోనూ లేదు కాబట్టి డబ్బిచ్చి అద్దెకి తీసుకుంది. తప్పేముంది? పెళ్ళిళ్ళకి హాలు అద్దెకి తీసుకోవడంలేదూ, ఇది పెళ్ళయ్యాక వచ్చే పెళ్ళి ఖర్చనుకోరాదూ? ఇక్కడ కూడా నవ్వులాటే అయితే, లేదా ఇలా రానే రాకపోతే, ఇవాళ ఇంటికి వెళ్ళదు. డ్రైవింగ్ స్కూలు మేడ మీద గది ఖాళీగా ఉంది, యజమానిని అడిగి తాళం తీసుకుంది, బ్యాగులో ఉంది తాళం, రెండు జతల బట్టలు బండి డిక్కీలో ఉన్నాయి. ఎవరేమనుకుంటే అనుకోనీ. జోకుకి మొగుణ్ణి వదిలేసిందట అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ, వాళ్ళకి నవ్వడం అలవాటే.

తలుపు తెరుచుకుంది. కౌన్సెలర్ అంటే ఎలా ఉంటుందో అనుకుంది, ఉన్ని చెప్పులేసుకున్న పొట్టి మనిషి, జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది. "రండి" అంది. ఆమె సోఫాలోంచి పైకి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. "ఆయన రాలేదండీ. అయినా నేను వస్తాను. గంట నాదే కదా" అంది, అనుకున్న దానికంటే గట్టిగానే వచ్చింది గొంతు. ఆవిడ వింతగా చూసింది. "మీవారేనా, నీలం జాకెట్టు? అటువైపు కూర్చున్నారండీ. మీకంటే ముందే వచ్చారు."

అటువైపంటే ఎటువైపు? ఈ ఇంటికి రెండు గుమ్మాలట. లోపలికొచ్చేవాళ్ళకి ఒకటి, పనయ్యాక వెళ్ళిపోయేవాళ్ళకి వెనక మెట్ల వైపు ఇంకొకటి, ఏడ్చిన మొహాలతో ఒకరికొకరు ఎదురుపడకుండా. ఊళ్ళో మనుషులందరూ ముందు గుమ్మంలోంచి వస్తారు. అతను మాత్రం ఏ భవనానికి వెళ్ళినా వెనకనుంచే వెళ్ళే మనిషి, లిఫ్టు బాగుచేసేవాణ్ణి ముందు హాల్లోంచి రానివ్వరు కదా, అలవాటైపోయి పెళ్ళిళ్ళకి వెళ్ళినా వంటవాళ్ళ దారినే వస్తాడు. వెళ్ళిపోయేవాళ్ళ గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, ఆమె రాలేదనుకుని, ఆమెలాగే ఫోను చూసుకుంటూ, ఆమెలాగే చెయ్యకుండా, ఇంతసేపూ అటు పక్క ఉన్నాడు. మధ్యలో కౌన్సెలర్ గది ఒక్కటే. ఇంతసేపూ ఇక్కడ మనసులోనే ఒక కాపురాన్ని ముగించి, బట్టలు సర్ది, మేడ మీద గదిలో దీపం కూడా వెలిగించుకుంది ఆమె. కోపానికి కారణం పోయింది, కోపం మాత్రం పోనంటోంది. ఇంత కష్టపడి తెచ్చుకున్నది ఒక స్టూలు మీద మనిషి కనబడ్డాడని వదిలేస్తుందా?

అతను లోపలికి వస్తూనే రెండు చేతులూ ఎత్తాడు. "చూశారా డాక్టరు గారూ, సంసారంలోకి కూడా బయటికెళ్ళే దారిలోంచే వచ్చినట్టున్నాను." కౌన్సెలర్ నవ్వింది. చిన్నగానే నవ్వింది, మర్యాదకే నవ్విందేమో, కానీ నవ్వింది. అయిపోయింది, ఈవిణ్ణి కూడా గెలుచుకున్నాడు, రుమాలు తీసి ముక్కు తుడుచుకుంటూ నవ్వుతోంది చూడు, డబ్బు తీసుకుని మరీ నవ్వుతోంది. అతను కూర్చున్నాడు, హాయిగా, ఒక కాలు మీద ఇంకో కాలేసుకుని, కథ నడపడానికి తగిన మనుషులు దొరికినప్పుడు కూర్చునేటట్టు. కిటికీ తెర సగం వేసి ఉంది. కుర్చీలు మూడూ ఒకే ఎత్తు. ఎందుకొచ్చారో ఎవరు చెబుతారని ఆవిడ అడిగింది.

"నేను చెబుతాను" అంది ఆమె, అతను నోరు తెరిచేలోపు. "నా బండి కింద ఒక చంటిపిల్ల పడబోయిందండీ. పడలేదు. భయంతో సీట్లోనే ఉచ్చ పోసుకున్నాను." ఆ మాట గదిలో అలాగే ఉంది. చావలేదు ఆమె. ఆకాశం ఊడిపడలేదు. ఆ మాట ఇంతకాలం ఆమెకంటే పెద్దదిగా ఉండేది, ఇప్పుడు పలికేస్తే మామూలు మాటంతే ఉంది. "ఆ సంగతి ఈయనకొక్కడికే చెప్పాను. ఈయన దాన్ని వాళ్ళన్నయ్య ఇంట్లో కథలా చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంక నవ్వను. అందుకొచ్చాం." తర్వాత అతని వైపు తిరిగింది. "ఆ రోజు ఎలా చెప్పావో ఇక్కడ చెప్పు. అలాగే. ఒక్క ముక్క వదలకుండా."

"ఇప్పుడా? అది... ఇక్కడేం బాగుంటుందే" అన్నాడు. చెప్పు, అంది. అతను కౌన్సెలర్ని చూశాడు, ఆవిడ ముక్కు దగ్గర రుమాలు పట్టుకుని ఊరుకుంది, ఊరుకోవడానికే ఆవిడకి డబ్బిచ్చినట్టుంది. అతను గొంతు సవరించుకున్నాడు. మా మేడమ్ గారికి మొన్నామధ్య, అన్నాడు. పెద్దాయన కళ్ళద్దాలు వచ్చాయి, అతని చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళి తాడు పట్టుకున్నట్టు పట్టుకుంది. థాంక్యూ అమ్మా వచ్చింది, గొంతు మారబోయి మారలేదు. చంటిపిల్ల బండి వచ్చింది. అక్కడ అతను ఆగాడు, అక్కడ ఎప్పుడూ ఆగుతాడు, నవ్వుకి ముందు చోటు వదులుతాడు. ఆ చోటులో ఎవరూ లేరు. ఆమె పెదవులు కదలబోతున్నట్టనిపించి పళ్ళ మధ్య బిగబట్టుకుంది, అలవాటు చచ్చేది కాదు, చంపాలి. అతను ఆమె మొహం వైపు చూశాడు, తన జోకు తప్పిపోతే ఎప్పుడూ ఆదుకునే మొహం వైపు, ఆదుకోమన్నట్టు చూశాడు. ఆదుకోలేదు.

మీద వేసుకున్న కాలు కిందికి దింపాడు. "మేడమ్ గారు బ్రేకు..." అన్నాడు. గ్రీజు పోని గోళ్ళ వైపు చూసుకున్నాడు. ఆమె లెక్క ప్రకారం ఇప్పుడు ఇంకో జోకు రావాలి, తలుపుదో కుర్చీదో. రాలేదు.

"ఒకసారి రా అన్నావు ఫోన్లో. అంతే అన్నావు" అన్నాడు, ఆమెతోనే, కౌన్సెలర్తో కాదు. "ఎవర్నో చంపేశావనుకున్నాను. దారంతా అదే. నిన్ను తీసుకుపోతారు, నేనేం చెయ్యాలి, ఎవరి కాళ్ళు పట్టుకోవాలి అని. వచ్చి చూస్తే బండికి గీత కూడా లేదు. నువ్వున్నావు. నీకు జాకెట్టు కట్టాను కదా, తర్వాత డిక్కీలో ఏదో వెతకాలని వెనక్కెళ్ళాను చూడు. వెతకలేదే. డిక్కీ మూత ఎత్తి పెట్టుకుని ఏడ్చాను. నువ్వు చూస్తావని మూత దించలేదు."

ఆమెకి తెలియదు. ఆ మూత ఎత్తి ఉండటం గుర్తుంది, వెనకద్దంలో అంతా నల్లగా కనబడింది, గుడ్డల కోసం వెతుకుతున్నాడనుకుంది. ఇంతకాలంగా తెలియదు. జాలి వేసిందా అంటే వేసింది, కానీ జాలికంటే ముందు, జాలిని తోసుకుంటూ, ఇంకొకటి వచ్చింది, అది కోపం, కొత్త కోపం, ఇంతవరకు వచ్చిన కోపాలన్నిటికంటే శుభ్రంగా ఉన్న కోపం. ఆమె భయాన్ని బల్ల మీద పరిచి అందరికీ పంచిపెట్టాడు. తన ఏడుపు మాత్రం డిక్కీలో దాచుకున్నాడు.

"ఇది ఎందుకు చెప్పలేదు వాళ్ళకి?" అంది. "నా ముక్క చెప్పావు కదా. నీ ముక్క ఎందుకు చెప్పలేదు?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, సమాధానం తనకీ ఇప్పుడే తెలుస్తున్నట్టు.

"నవ్వరు కదా" అన్నాడు.

కౌన్సెలర్ ఏదో అనబోయి తుమ్మింది. ఎవరూ నవ్వలేదు. బయట యంత్రం సొద పెడుతూనే ఉంది. ఈ మాట ఆ సొద దాటి బయటికి పోదు, పోవాలి, ఈ ఒక్క మాట పోవాలి అనిపించింది ఆమెకి. కుర్చీలో ముందుకి జరిగింది.

"వచ్చే ఆదివారం మీ అన్నయ్య ఇంట్లో చెప్పు. అదే బల్ల దగ్గర. మీ వదిన కూడా ఉండాలి, బావగారూ ఉండాలి, ఎవరున్నారో వాళ్ళందరూ ఉండాలి. మొదటినుంచీ చెప్పు, పెద్దాయనా, చంటిపిల్ల బండీ, నా సీటూ, అన్నీ చెప్పు, నాకేం సిగ్గులేదు. ఆ తర్వాత డిక్కీ మూత దగ్గరికి రా. నువ్వు ఏడ్చింది చెప్పు. నవ్వకపోతే నవ్వకపోనీ."

అతను తలెత్తాడు. ఇన్నేళ్ళలో ఆమెకి తెలిసిన అతని మొహాలన్నీ నవ్వించేవే, ఇదొక్కటీ ఎప్పుడూ చూడలేదు, బహుశా ఆ మూత వెనక ఉన్నది ఇదేనేమో. లైసెన్సు పరీక్షకి బండెక్కేముందు అడిగేవాడే, ఆ గొంతుతో అడిగాడు.

"నువ్వు పక్కన కూర్చుంటావా?"

"కూర్చుంటాను" అంది. "నవ్వను."